తోట డబ్బుతో ఇంటి లోన్ ముందే తీర్చేశాం: నా అనుభవం

నేను లెక్కల టీచర్ని. ఈ మాట మొదటే ఎందుకు చెప్తున్నానంటే, రెండేళ్లకు పైగా నా సొంత లోన్ స్టేట్‌మెంట్ ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

2021 జనవరిలో తిరుపతి ఎం.ఆర్.పల్లి వైపు పాత ఫ్లాట్ ఒకటి కొన్నాం. లోన్ 28 లక్షలు, ఇరవై ఏళ్లు, ఏడు శాతం వడ్డీ, ఈఎంఐ 21,708. రెపో రేటుకు (రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే రేటు) మూడు శాతం కలిపి వేసే లోన్. అప్పుడు రెపో నాలుగు శాతం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల అది ఆరున్నరకు పోయింది. నా ఫోన్‌కు ఏవో మెసేజ్‌లు వచ్చాయి, ప్రకటనలనుకుని తుడిచేశా. ఈఎంఐ మారలేదు కదా, ఇంకేం మారుంటుందిలే అనుకున్నా.

2023 ఏప్రిల్‌లో ఇన్‌కంటాక్స్ పని మీద స్టేట్‌మెంట్ తీస్తే ఆ నెల వరుస ఇలా ఉంది: కట్టింది 21,708. వడ్డీకి 21,250. అసలుకు 458. ఆ నెల గ్యాస్ బండ ధరలో సగం కూడా కాదు. పక్కన నోటుబుక్కు తీసి, ఈ లెక్కన ఎన్ని నెలలకు తీరుతుందో వేశా. 489 వచ్చింది. తప్పు చేశాననుకుని మళ్లీ వేశా. మళ్లీ 489. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు. ఎనభై ఐదో ఏట దాకా కట్టాలన్నమాట. మా ఆయనకు చూపిస్తే, "నువ్వు లెక్కల టీచరువి, నువ్వే చూసుకోవాల్సింది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది, నిజం కాబట్టి.

రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, కాలం పెంచాలా అని అప్పు తీసుకున్నవాళ్లను అడగాలని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. ఆ ఏడాది చివర్లో మా బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. 2024 జనవరి నుంచి ఈఎంఐ 27,000 చేయించుకున్నా. నెలనెలా ఐదు వేల పైన అసలు తగ్గడం చూస్తే కొంచెం ఊపిరి వచ్చింది.

ఇక తోట సంగతి. బంగారుపాళ్యం దగ్గర మా ఊళ్లో మా నాయన నాటిన తోతాపురి తోటలో నాకు సగం, తమ్ముడికి సగం. 2025లో మామిడి ఏమైందో చిత్తూరు జిల్లాలో ఎవర్నడిగినా చెప్తారు. ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది, సర్కారు నాలుగు, మొత్తం పన్నెండు రూపాయలన్నారు. కాయలు తీసుకుపోయిన ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. తమ్ముడు ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, నీ భాగం నాకే ఇచ్చేయ్. రేపు నువ్వు బయటోళ్లకు అమ్మితే గట్టు తగాదాలు నేను పడలేను" అన్నాడు. వినాయక చవితికి రెండు రోజుల ముందు, ఆగస్టు 25న, రిజిస్ట్రేషన్ అయింది. 30 లక్షలు ఖాతాలో పడ్డాయి. పట్టణానికి దూరంగా ఉన్న సాగు భూమి కాబట్టి దీని మీద పన్ను పడదని ఆడిటర్ చెప్పారు.

ఆ డబ్బు ఖాతాలో ఉన్నన్నాళ్లు నాకు సరిగా నిద్ర పట్టలేదు. అవి నోట్లు కావు, నాయన బిందెలతో నీళ్లు పోసి బతికించిన చెట్లు. వాటిని ఊరికే ఖర్చు చేస్తే ఎట్లా అన్న భయం ఒకపక్క. ఎక్కడో పెట్టి పోగొట్టుకుంటే ఇంకెట్లా అన్న భయం ఇంకోపక్క.

అప్పటికి లోన్‌లో మిగిలింది 25 లక్షల పైచిలుకు. సెప్టెంబర్ నెలంతా ఇంట్లో ఇదే చర్చ. అత్తమ్మది ఒకటే మాట: "అప్పు లేకపోతే ఉప్పు గంజే మేలు, కట్టేయండి." మా ఆయన రేణిగుంట దగ్గర ప్రైవేటు కంపెనీలో చేస్తారు. ఆయన భయం వేరు. "పాపకు వచ్చే ఏడాది ఎంసెట్. నా ఉద్యోగం ఎప్పుడుంటుందో తెలీదు. మొత్తం లోన్‌కు కట్టేస్తే రేపు అవసరానికి గోడ పగలగొట్టి డబ్బు తీస్తామా?" మా మరిది ఫోన్‌లో ఏవో గ్రాఫులు చూపిస్తూ, "లోన్ అట్లే ఉంచి మ్యూచువల్ ఫండ్లో పెట్టండి వదినా, పన్నెండు శాతం వస్తుంది" అన్నాడు. రావచ్చు, రాకపోవచ్చు. ఈఎంఐ మాత్రం ఐదో తేదీకి వచ్చి నిలబడుతుంది కదా అన్నా.

స్టాఫ్ రూమ్‌లో మా సోషల్ సార్ సలహా ఇంకోటి: హోమ్ లోన్ ఉంటే ట్యాక్స్ మిగులుతుంది, తీర్చొద్దు మేడం అని. పాత పద్ధతిలో అది నిజమే, సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి రెండు లక్షల దాకా మినహాయింపు ఉంటుంది. నా జీతం ఏడాదికి పది లక్షల లోపే. కొత్త పద్ధతిలో 2025-26 నుంచి జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్నే లేదు. కట్టాల్సిన పన్నే లేనప్పుడు లోన్ వల్ల మిగిలేదేంటి? ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి నాకు వారం పట్టింది, ఎందుకంటే పదేళ్లుగా అందరూ చెప్పేది అదే మాట.

నోటుబుక్కులో చివరికి తేలింది ఇది. 25 లక్షలు ఆరున్నర శాతానికి ఫిక్స్‌డ్ వేస్తే ఏడాదికి 1,62,500 వస్తుంది. రెపో అప్పటికి ఐదున్నరకు దిగింది కాబట్టి, అదే 25 లక్షల లోన్‌కు ఎనిమిదిన్నర శాతం చొప్పున 2,12,500 పోతుంది. తేడా యాభై వేలు. అంటే డబ్బు చేతిలో ఉంచుకోవడానికి ఏడాదికి యాభై వేలు అద్దె. మా ఆయన భయానికి అంత అద్దె కట్టొచ్చా? మొత్తానికి వద్దు, కొంతకు కట్టొచ్చు అనిపించింది. అందుకే సగం సగం చేద్దామన్నా: 15 లక్షలు ఇప్పుడు కట్టి, 15 చేతిలో ఉంచుకుందామని.

అత్తమ్మ విజయదశమి రోజు కట్టమన్నారు. పంచాంగం చూశారు గానీ క్యాలెండర్ చూడలేదు. ఆరోజు అక్టోబర్ 2, బ్యాంకుకు సెలవు.

దసరా సెలవుల్లోనే ఒకసారి బ్యాంకుకు వెళ్లి కనుక్కున్నా. కౌంటర్లో అబ్బాయి, "ముందే కడితే రెండు శాతం ఛార్జీ పడుతుంది మేడం" అన్నాడు. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌కు అట్లాంటి ఛార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది కదా నాయనా అంటే, లోపలికి వెళ్లి అడిగొచ్చి, "అది ఫిక్స్‌డ్ రేటు వాళ్లకంట మేడం, సారీ" అన్నాడు. పోనీలే, చిన్నపిల్లోడు. లోపలున్న ఆఫీసరు మాత్రం కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, "ఎందుకు మేడం తొందర, ఆ డబ్బుతో మా దగ్గర ఒక పాలసీ ఉంది..." అని అరగంట చెప్పారు. లోన్ కావాలని తిరిగిన రోజుల్లో ఈ కాఫీ లేదు.

అక్టోబర్ 7న 15 లక్షలు కట్టా. మిగిలింది 10,31,250. సాయంత్రం యాప్ తెరిస్తే కొత్త ఈఎంఐ 11,000 అని కనిపించింది! మా ఆయన సంతోషపడ్డారు. నాకు మాత్రం కడుపులో తిప్పింది. వాళ్లు కాలం అట్లే ఉంచి ఈఎంఐ తగ్గించేశారు. నెలకు 11,000 చొప్పున ఇంకా దాదాపు పదమూడేళ్లు, మొత్తం 17 లక్షలు. అదే 27,000 కట్టుకుంటూ పోతే నాలుగేళ్ల లోపే, మొత్తం 12 లక్షల చిల్లరతో తీరిపోతుంది. తేడా ఐదు లక్షల దగ్గర. ఈఎంఐ తగ్గిస్తారా, కాలం తగ్గిస్తారా అని ఎవరూ నన్నడగలేదు. నేనూ చెప్పలేదు. మర్నాడు సగంపూట సెలవు పెట్టి వెళ్లి, "ఈఎంఐ 27,000 అట్లే ఉంచి కాలపరిమితి తగ్గించగలరు" అని తెల్లకాగితం మీద రాసిచ్చా. దాని జిరాక్స్ మీద ముద్ర వేయించుకున్నా. మారడానికి తొమ్మిది రోజులు పట్టింది. మీరు కొంత కట్టేటట్లయితే ఈ కాగితం డబ్బుతో పాటే ఇవ్వండి, తర్వాత కాదు.

దీపావళి అయిన మూడో రోజు మామయ్య స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. నా హెల్త్ కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లలేదు. ఆపరేషను, గది, మందులు అన్నీ కలిపి 2,40,000. కౌంటర్ దగ్గర కార్డు గీకేటప్పుడు మా ఆయన నా వైపు చూశారు. ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. సెప్టెంబర్‌లో అత్తమ్మ మాటే నెగ్గి మొత్తం కట్టేసుంటే, చేతిలో మిగిలినదాంట్లో సగానికి పైనే ఆ రాత్రి పోయేది.

చేతిలో 12,60,000 మిగిలింది. ఇక అట్లే ఉంచేద్దాం, నాలుగేళ్లలో అదే తీరుతుందిలే అనుకున్నాం. మళ్లీ మనసు మారింది చీటీ వల్ల. ఐదు లక్షల చీటీ డిసెంబర్ నెలలో పాడితే 4,60,000 చేతికి వచ్చింది. మొత్తం 17,20,000. లోన్ పది లక్షల లోపలికి దిగింది. కట్టేసినా ఏడు లక్షలు మిగులుతాయి, పైగా నెలకు 27,000 ఖాళీ అవుతుంది. ఈసారి "కట్టేద్దాం" అన్నది మా ఆయనే.

మొత్తం క్లోజ్ చేయడం, కొంత కట్టినంత సులువు కాదు. ముందు ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ కోసం అర్జీ ఇవ్వాలి. నాకు మూడు పనిదినాలు పట్టింది. ఏ తేదీన కడతామో ఆ తేదీకే లెక్క వేసిస్తారు, రోజు దాటితే ఆ రోజు వడ్డీ కలుస్తుంది. నాది రోజుకు 231 రూపాయలు. డిసెంబర్ 15, సోమవారానికి 9,94,030, దాని కింద డాక్యుమెంట్లు తెప్పించే ఛార్జీ అని 590. యాప్‌లో కట్టబోతే ఆ కౌంటర్ అబ్బాయే ఆపాడు: "యాప్‌లో కడితే పార్ట్ పేమెంట్ కింద పడుతుంది మేడం, నాలుగు రూపాయలు మిగిలినా అకౌంట్ క్లోజ్ కాదు. చెక్కు ఇవ్వండి." దసరాకి తప్పు చెప్పినవాడే ఈసారి నన్ను కాపాడాడు.

చెక్కు ఇచ్చి బయటికొచ్చి అన్నమయ్య సర్కిల్ దాకా నడిచా. ఏదో పెద్ద ఆనందం వస్తుందనుకున్నా. రాలేదు. ఆటో ఎక్కి నోటుబుక్కు తీశా. ఈ ఐదేళ్లలో ఈఎంఐల రూపంలో కట్టింది 14,07,780. అందులో అసలుకు పోయింది మూడు లక్షల చిల్లర. మిగతా పదకొండు లక్షలు వడ్డీ. ఆరోజు ఇంటికెళ్లి వంట కూడా చేయలేదు, పార్శిల్ తెప్పించుకున్నాం.

అప్పు తీరిందనుకున్నాం గానీ అసలు తిరుగుడు అప్పుడే మొదలైంది. 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లన్నీ వెనక్కి ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మనకు కట్టాలి. నా లెక్కన గడువు జనవరి 14, భోగి. డాక్యుమెంట్లు ఇక్కడ ఉండవు, చెన్నై నుంచి రావాలన్నారు.

ఈలోగా జనవరి 5న నా జీతం ఖాతా నుంచి మళ్లీ 27,000 కట్ అయింది. లేని లోన్‌కు ఈఎంఐ! లోన్ క్లోజ్ చేసినా ఆటో డెబిట్ దానంతటదే ఆగదట, దానికి వేరే అర్జీ ఇవ్వాలట. చెక్కు ఇచ్చిన రోజు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆ డబ్బు 19న వెనక్కి వచ్చింది. పండగ నెలలో రెండు వారాలు చేతిలో 27,000 లేకపోతే ఎట్లా ఉంటుందో జీతగాళ్లకు చెప్పక్కర్లేదు.

జనవరి 9న ఫోన్ వచ్చింది, డాక్యుమెంట్లు వచ్చాయి, వచ్చి తీసుకోండని. 2021లో లోన్ ఇచ్చేటప్పుడు వాళ్లిచ్చిన డాక్యుమెంట్ల జాబితా నా దగ్గర ఉంది. అది దాచుకోవడం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. అందులో పదకొండు. సంచిలోంచి తీసి ఒక్కొక్కటీ టేబుల్ మీద పెట్టి టిక్ పెట్టుకుంటూ పోతే పది ఉన్నాయి. 1994 నాటి లింకు డాక్యుమెంటు లేదు. ఫ్లాట్ కట్టిన స్థలం మొదటి అమ్మకం అది. అది లేకపోతే రేపు ఎవరూ కొనరు, ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. ఆఫీసరు, "అన్నీ అందాయని సంతకం పెట్టండి మేడం, అది వచ్చాక ఇంటికే పంపిస్తాం" అన్నారు. మా ఆయనకు పాపం ఆఫీసుకు టైమవుతోంది, పెట్టేయ్ అన్నారు. నేను పెట్టలేదు. పది అందాయి, ఫలానాది అందలేదు అని తేదీతో సహా రాసి, దాని కింద సంతకం పెట్టా. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఈసారి కాఫీ రాలేదు.

ఆ లింకు డాక్యుమెంటు జనవరి 21న వచ్చింది. వేరే ఎవరి ఫైల్లోనో కలిసిపోయిందట. గడువు దాటి ఏడు రోజులు. అంటే 35,000 నాకు రావాలి. అర్జీ రాసిస్తే, "హెడ్డాఫీసుకు పంపిస్తాం" అన్నారు.

తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. లోన్ తీసుకున్నప్పుడు మన డాక్యుమెంట్లు బ్యాంకులో పెట్టినట్టు ఎంఓడీ అని ఒకటి రిజిస్టర్ చేయిస్తారు కదా, అది రద్దయినట్టు మళ్లీ రిజిస్టర్ చేయించాలి. దీనికి బ్యాంకు ఆఫీసరు మనతో పాటు రావాలి. స్లాట్ దొరకడం కాదు కష్టం, ఆఫీసరు దొరకడం. జనవరి 29కి కుదిరింది. స్టాంపులు, ఫీజు, రాసినాయనకిచ్చింది కలిపి నాకు 3,400 అయింది. ఆఫీసరును ఆటోలో తీసుకుపోయి దింపిన ఖర్చు వేరే, అది కూడా మనదేనని అక్కడ తెలిసింది.

ఫిబ్రవరి 3న మీసేవలో ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీశా. చూడగానే గుండె ఆగినంత పనైంది. బ్యాంకు పేరు ఇంకా ఉంది! మీసేవ అమ్మాయి నవ్వి, కింది వరుస చూపించింది. పాతది తుడిచేయరు మేడం, దాని తర్వాత రద్దయినట్టు ఇంకో వరుస వస్తుంది, అంతే. మన అప్పుల చరిత్రకు స్కోరు ఇచ్చే సిబిల్‌లో కూడా చూసుకున్నా, 'క్లోజ్డ్' అని ఉంది. 'సెటిల్డ్' అని ఉంటే ఊరుకోకూడదు, కట్టలేక రాజీ పడ్డామని అర్థం. స్కోరు 789 నుంచి 778కి తగ్గింది. అప్పు తీరిస్తే మార్కులు తగ్గించే పరీక్ష నేనెక్కడా చూడలేదు.

మధ్యలో డిసెంబర్ 5న రెపో ఇంకో పావు శాతం తగ్గి 5.25 అయింది. మరిది ఫోన్ చేసి, "చూశారా వదినా, ఆగుంటే వడ్డీ ఇంకా తగ్గేది" అన్నాడు. తగ్గేదే. ఆ తగ్గింపు పది లక్షలకు ఏడాదికి 2,500. దాని కోసం ఇంకో నాలుగేళ్లు ఐదో తేదీ గుర్తుపెట్టుకునే ఓపిక నాకు లేదు.

ఒకటి మాత్రం లెక్కలో పెట్టుకోలేదు. సంక్రాంతికి ఊరెళ్తే మరదలి మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంది. గాజులూ లేవు. అడిగితే తమ్ముడు మాట దాటేశాడు. వంటింట్లో మరదలే మెల్లగా చెప్పింది, నాకిచ్చిన 30 లక్షల్లో తొమ్మిది లక్షలు బంగారం కుదువ పెట్టి తెచ్చిందని. అంటే నా అప్పు తీరడానికి వాడు అప్పు చేశాడు. ఆ రాత్రి ఆ పాత నోటుబుక్కులోనే వాడి గోల్డ్ లోన్ లెక్క వేశా. మా ఆయనతో మాట్లాడి, మిగిలిన ఏడు లక్షల్లో రెండు లక్షలు ఫిబ్రవరిలో వాడికి పంపా. "వడ్డీ ఎంతక్కా?" అని అడిగాడు, నిజంగానే. తిట్టి ఫోన్ పెట్టేశా.

ఇప్పుడు 27,000లో 15,000 పాప ఫీజు కోసం నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాం. పదకొండు డాక్యుమెంట్లూ బీరువాలో ఉన్నాయి, 1994ది అన్నిటికంటే పైన. బ్యాంకు నుంచి రావాల్సిన 35,000 ఇంకా రాలేదు. సోమవారం మళ్లీ వెళ్తున్నా, ఈసారి ముద్ర వేయించుకున్న అర్జీ జిరాక్సు, జనవరి 9న నేను రాసి సంతకం పెట్టిన కాగితం రెండూ తీసుకుని.